చెన్నై నుంచి సింగపూర్‌కి ఎంత దూరం, ఎంతసేపు: ఏ అంకె దేనికి పనికొస్తుంది

చెన్నై–సింగపూర్ విమాన ప్రయాణం ఎంతసేపని వెతికితే ఒకచోట 3 గంటల 40 నిమిషాలని ఉంటుంది, ఇంకోచోట 4 గంటల 20. టికెట్ చేతికొచ్చాక చూస్తే రాత్రి 11.15కి బయల్దేరి పొద్దున 6.05కి దిగుతామని ఉంటుంది. వేళ్ల మీద లెక్కేస్తే అది 6 గంటల 50 నిమిషాలు. తిరుగు టికెట్టేమో రాత్రి 8.00కి బయల్దేరి 9.45కే చెన్నైలో దింపుతానంటుంది, అంటే గంటా నలభైఐదు నిమిషాలు. ఇవన్నీ ఒప్పే. కాకపోతే ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకి జవాబు. ఒకదాని బదులు ఇంకోటి వాడితేనే చిక్కు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి మీనంబాక్కంలో విమానం ఎక్కేవాళ్లకీ, ఇక్కడ టి.నగర్‌లో కూర్చుని ఊళ్లో వాళ్లందరికీ టికెట్లు బుక్ చేసిపెట్టేవాళ్లకీ ఈ తేడాలు తెలిసుండటం మంచిది.

దూరం

మీనంబాక్కం ఎయిర్‌పోర్టు 12.99 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.17 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. సింగపూర్ చాంగి 1.36 ఉత్తరం, 103.99 తూర్పు. రేఖాంశాల తేడా 23.82 డిగ్రీలు. భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారి పొడవు తెలియడానికి రెండు అక్షాంశాలూ, ఈ తేడా, మూడే అంకెలు చాలు. ఏ వెబ్‌సైటూ అక్కర్లేదు, ఫోన్‌లో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఉంటే సరి.

రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.2248 ఇంటూ 0.0237, వచ్చేది 0.0053. తరవాత రెండు అక్షాంశాల కాస్‌లనీ, రేఖాంశాల తేడా కాస్‌నీ కలిపి గుణించండి: 0.9744 ఇంటూ 0.9997 ఇంటూ 0.9148, వచ్చేది 0.8911. రెండూ కూడితే 0.8964. దీనికి కాస్ ఇన్వర్స్ నొక్కితే 26.3 డిగ్రీలు. ఇక్కడినుంచి పని సులువు. ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు కాబట్టి 26.3ని 60తో గుణిస్తే దాదాపు 1,580 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. మొత్తం 2,920 కిలోమీటర్ల పైచిలుకు.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా మూడుచోట్ల. ఒకటి, క్యాలిక్యులేటర్ రేడియన్‌లో ఉండిపోవడం. అలాంటప్పుడు వచ్చే జవాబు ఎంత విడ్డూరంగా ఉంటుందంటే చూడగానే తెలిసిపోతుంది, కాబట్టి దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. రెండోది కాస్త దొంగ తప్పు: 12 డిగ్రీల 59 నిమిషాలని ఉన్నదాన్ని 12.59 అని కొట్టడం. 59 నిమిషాలంటే 60లో 59 వంతులు, అంటే 0.98. ఈ ఒక్క పొరపాటు మీనంబాక్కాన్ని నలభైకి పైగా కిలోమీటర్లు దక్షిణానికి జరిపేస్తుంది. జవాబు మాత్రం నమ్మదగ్గట్టే కనిపిస్తుంది, అందుకే పట్టుబడదు. మూడోది, ఎయిర్‌పోర్టు బదులు ఊరి నడిబొడ్డు అంకెలు వేయడం. చెన్నై విషయంలో తేడా పదిపదిహేను కిలోమీటర్లే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. బెంగళూరుకి మాత్రం ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో, ఊరికి బాగా ఉత్తరంగా ఉంది, అక్కడ తేడా కనిపిస్తుంది.

స్కూల్ అట్లాసులో స్కేలు పెట్టి గీసే గీత తప్పనీ, విమానాలు వంపు దారిలో పోతాయనీ చాలామంది చెబుతారు. అమెరికా వెళ్లేవాళ్లకి అది పెద్ద సంగతే. చెన్నై–సింగపూర్ దారి భూమధ్యరేఖకి దగ్గర్లో ఉంది, పైగా మరీ పొడవైంది కూడా కాదు. ఇక్కడ ఆ వంపు దారికీ తిన్నని గీతకీ తేడా పది కిలోమీటర్లు కూడా ఉండదు.

ఇదే లెక్క బెంగళూరుకి వేస్తే 3,180 కిలోమీటర్లు వస్తుంది. దేవనహళ్లి నుంచి మీనంబాక్కం 268 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి చాంగి 2,924. రెండూ కూడితే 3,192. నేరుగా పోయేదానికీ చెన్నై మీదుగా పోయేదానికీ తేడా పన్నెండు పదమూడు కిలోమీటర్లే. అంటే బెంగళూరు నుంచి సింగపూర్ పోయే విమానానికి అతి దగ్గర దారి ఇంచుమించు చెన్నై నెత్తిమీదుగానే. చెన్నైలో ఎక్కినదానికంటే అదనంగా పట్టేది ఇరవై నిమిషాలు. అనంతపురం, హిందూపురం వాళ్లు దీన్ని చూసుకోవాలి. దేవనహళ్లి 44వ జాతీయ రహదారి మీద బెంగళూరుకి ఇవతలే తగులుతుంది, ఊళ్లోకి దిగే పనే లేదు. ఆకాశంలో ఇరవై నిమిషాలు మిగులుతాయని నేలమీద చెన్నై దాకా రావడం అర్థంలేని పని.

మధ్యలో ఒకచోట ఆగి వెళ్లే టికెట్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. చెన్నై నుంచి కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టు 2,628 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి చాంగి 297. మొత్తం 2,925. నేరుగా వెళ్లినా అంతే! కౌలాలంపూర్ సరిగ్గా దారిలోనే ఉంది. కొలంబో మీదుగా అయితే 645, ఆపైన 2,750, మొత్తం 3,395. దాదాపు 470 కిలోమీటర్ల చుట్టు. కానీ ప్రయాణ సమయాన్ని తేల్చేది ఈ 470 కిలోమీటర్లు కాదు, అవి విమానానికి అరగంట పని. మధ్య ఊళ్లో ఎంతసేపు కూర్చోబెడతారన్నదే అసలు లెక్క. కొలంబోలో గంటన్నర ఆగే టికెట్టు, కౌలాలంపూర్‌లో ఐదు గంటలు ఆగేదానికంటే ముందే చేరుస్తుంది. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నవా అన్నది కూడా చూసుకోవాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బు పోయినట్టే. లగేజీ కూడా మధ్య ఊళ్లో బయటికొచ్చి తీసుకుని మళ్లీ వేయాల్సి రావచ్చు, దానికి ఆ దేశపు వీసా నిబంధనలు అడ్డొస్తాయి. రెండు వేలు తక్కువని ఇలాంటి టికెట్లు కొనే పెద్దవాళ్లని ఆపడం పిల్లల బాధ్యత.

గాలిలో ఎంతసేపు

ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి ధ్వని వేగంలో 0.78 వంతు దగ్గర ఎగురుతాయి. ఆ ఎత్తులో అది గంటకి 830–850 కిలోమీటర్లు, 450 నాట్లు (గంటకి 450 నాటికల్ మైళ్లు) అనుకోవచ్చు. ఎయిర్‌బస్ 350, బోయింగ్ 787 లాంటి పెద్దవి 0.85 దగ్గర, గంటకి 900 దాటి పోతాయి. 1,580ని 450తో భాగిస్తే 3 గంటల 31 నిమిషాలు. పెద్ద విమానానికి ఇంకో పావుగంట తగ్గుతుంది. అందుకే ఒకే రోజు, ఒకే దారిలో రెండు కంపెనీల సమయాలు ఒకటిగా ఉండవు. పైలట్ తోలుడులో తేడా ఏమీ లేదు.

ఇది గాలి లేనప్పటి లెక్క. అసలు తేడా తెచ్చేది గాలే.

ఉత్తర భారతం మీదుగా చలికాలంలో పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ ప్రవాహం గురించి అందరూ వినే ఉంటారు. మన దారికి దానితో పెద్ద పని లేదు, అది బాగా ఉత్తరాన ఉంటుంది. మనకి తగిలేది దానికి ఎదురుదిక్కున వీచేది: జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల కాలంలో, దక్షిణ భారతం మీద బాగా ఎత్తున తూర్పు నుంచి పడమరకి వీచే ఉష్ణమండల తూర్పు జెట్. కింద నేలమీద గాలి పడమర నుంచి కొడుతుంటే, పైన విమానాలు తిరిగే ఎత్తులో తూర్పు నుంచి కొడుతుంటుంది. దీన్ని ప్రపంచానికి వివరించినవాడు మన తెలుగు వాతావరణ శాస్త్రజ్ఞుడు పంచేటి కోటేశ్వరం. ఆయన 1958లో టెల్లస్ పత్రికలో రాసిన పరిశోధన వ్యాసాన్ని ఈ విషయం మీద ఇప్పటికీ ఉదహరిస్తారు. తరవాత ఆయన భారత వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. జులైలో సింగపూర్ పోతూ సీటు ముందు తెరమీద ఎదురుగాలి అంకె చూస్తే ఆయన్ని ఒకసారి తలుచుకోవచ్చు.

అంకెల్లో చూద్దాం. దారంతా సగటున 30 నాట్ల తూర్పుగాలి ఉందనుకుంటే, వెళ్లేటప్పుడు 450 కాస్తా 420 అవుతుంది, ప్రయాణం 3 గంటల 46 నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది, 480 నాట్లు, 3 గంటల 17 నిమిషాలు. వానాకాలంలో పోవడానికీ రావడానికీ దాదాపు అరగంట తేడా ఇలా వస్తుంది. భూమి తిరగడం వల్ల తూర్పుకి ఒక సమయం, పడమరకి ఒక సమయం పడుతుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. భూమితోపాటు దాని గాలి కూడా తిరుగుతోంది కాబట్టి ఆ మాటలో పస లేదు.

దీనికి కలపాల్సినవి ఇంకో రెండున్నాయి. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు విమానం పూర్తి వేగంతో పోదు. 35,000 అడుగులు ఎక్కడానికి ఇరవై, ఇరవైఐదు నిమిషాలు పడుతుంది, చాంగి ఇంకా 200 కిలోమీటర్ల పైన ఉండగానే దిగడం మొదలవుతుంది. రెండోది, విమానం గీసిన గీత మీద పోదు. ఆకాశంలో దారులుంటాయి, వాటికి ఎన్571 లాంటి పేర్లుంటాయి. దారి మీది గుర్తులకి వాంపి, మెకార్ లాంటి ఐదక్షరాల ఇంగ్లీషు పేర్లు. ఈ రెండూ మలక్కా జలసంధి ఉత్తరపు మొదట్లో ఉన్నాయి. ఈ దారుల వల్ల, వాన మబ్బుల్ని తప్పుకోవడం వల్ల నిజంగా ఎగిరే దూరం 50 నుంచి 150 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది.

బంగాళాఖాతం నడిమధ్యకి నేలమీది రాడార్ చూపు అందదు. అందుకని ఒకే ఎత్తులో ఒకదాని వెనక ఒకటి పోయే విమానాల మధ్య 50 నాటికల్ మైళ్ల దాకా ఎడం పాటిస్తారు, అంటే ఆరేడు నిమిషాల దూరం. తూర్పుకి పోయేవాటికి బేసి వేల అడుగులు, పడమరకి వచ్చేవాటికి సరి వేల అడుగులు. సింగపూర్ పోయేటప్పుడు తెరమీద 35,000, 37,000 లాంటివి కనిపిస్తాయి, వచ్చేటప్పుడు 36,000, 38,000. ఇది మీరే చూసి పట్టుకోవచ్చు. అర్ధరాత్రి వేళ చెన్నై నుంచి తూర్పుకి పోయేవి ఒకేసారి నాలుగైదు ఉంటే, కావాల్సిన ఎత్తు దొరకనివాటిని నేలమీద ఆపుతారు, లేదా తక్కువ ఎత్తులో పొమ్మంటారు. కిందికి పోయేకొద్దీ గాలి చిక్కన, ఇంధనం ఎక్కువ ఖర్చు. అందుకే ఒక్కోసారి తలుపులు వేశాక కూడా పావుగంట కదలకుండా కూర్చుంటారు.

మనకే ప్రత్యేకమైంది ఇంకోటి: శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున బంగాళాఖాతం మీద కొంత గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తారు, నోటామ్ అనే ప్రకటనతో ముందే చెబుతారు. ఆ వేళకి పోయే విమానాలు చుట్టు తిరగాలి, లేకపోతే ఆగాలి. ప్రయోగం తేదీ ముందే తెలిస్తే టికెట్ బుక్ చేసేటప్పుడు దాన్ని కూడా చూసుకోవచ్చు.

టికెట్ మీది సమయం

టికెట్ మీద రాసే సమయం గాలిలో ఎగిరే సమయం కాదు. చెన్నైలో విమానం బ్రేకులు వదిలి గేటు దగ్గర్నుంచి వెనక్కి జరిగిన క్షణం నుంచి, చాంగిలో గేటు దగ్గర ఆగేదాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. గాలిలో 3 గంటల 45 నిమిషాలు, చెన్నైలో రన్‌వే దాకా పాక్కుంటూ పోవడానికి పదిహేను, చాంగిలో గేటు చేరడానికి పది, దానిమీద కంపెనీ తన జాగ్రత్తకి కలుపుకునే ఐదూ పదీ. మొత్తం 4 గంటల 15 నుంచి 20 నిమిషాలు. ఆ చివరి ఐదూ పదీ ఎందుకంటే, చెప్పిన వేళకి పదిహేను నిమిషాల్లోపు వస్తే వేళకి వచ్చినట్టే రాసుకుంటారు. కాస్త ఎక్కువ చెప్పి ముందే చేర్చడం వాళ్లకి లాభం. పావుగంట ముందే దిగామని పైలట్ మైకులో గొప్పగా చెబితే చప్పట్లు కొట్టనక్కర్లేదు.

రన్‌వే దిక్కు కూడా ఇందులో భాగమే. విమానం గాలికి ఎదురుగా లేవాలి. చెన్నై పెద్ద రన్‌వేని ఒకవైపు నుంచి 07 అంటారు, ఇంకోవైపు నుంచి 25. గాలి తూర్పు నుంచి ఉంటే 07, లేచీ లేవగానే సముద్రం, తిన్నగా సింగపూర్ దారి. వానాకాలపు పడమటి గాలికి 25 వాడితే ఊరి పడమర దిక్కుకి లేచి, వెనక్కి తిరిగి, మళ్లీ చెన్నైని దాటి సముద్రం చేరాలి. ఐదారు నిమిషాలు అక్కడే పోతాయి.

ఇక గడియారం తేడా. మన దేశపు సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది, ఆ రేఖ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. సింగపూర్ ఉన్నచోటును బట్టి చూస్తే గ్రీనిచ్ కంటే 7 గంటలు ముందుండాలి. 1982 జనవరి నుంచి వాళ్లు మలేషియాతోపాటు 8 గంటలకి మారారు. అందుకే మనకీ వాళ్లకీ రెండున్నర గంటలు. అందుకే అక్కడ ఏడాది పొడవునా ఇంచుమించు ఏడింటికి గానీ పొద్దు పొడవదు. పొద్దున 6.05కి దిగితే బయటంతా చీకటే ఉంటుంది, వాచీ తప్పు తిరుగుతోందని కంగారు పడొద్దు.

టికెట్ మీది రెండు వేళలూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. మొదట్లో చెప్పిన టికెట్టునే తీసుకోండి. రాత్రి 11.15 నుంచి పొద్దున 6.05 దాకా 6 గంటల 50 నిమిషాలు, అందులోంచి 2.30 తీసేస్తే 4.20. తిరుగు ప్రయాణం 1.45, దానికి 2.30 కలిపితే 4.15. గడియారం తేడా ఎంతో తెలియని ఊరికైనా పనికొచ్చే చిట్కా ఒకటుంది: వెళ్లే, వచ్చే టికెట్ల మీది పైపై తేడాలు రెండూ కూడి సగం చేయండి. 6.50కి 1.45 కలిపితే 8.35, సగం 4.17. అదే సగటు ప్రయాణ సమయం. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి సగం చేస్తే గడియారం తేడా వస్తుంది: 5.05లో సగం 2.32, అంటే రెండున్నర గంటలే. రెండు వైపులా నేరుగా పోయే విమానమై ఉండాలి, అంతే.

అన్నిటికంటే ఖరీదైన తప్పు మాత్రం తేదీది. 15వ తేదీ 00.40 అని ఉంటే అది 14వ తేదీ రాత్రి భోజనాలయ్యాక వచ్చే అర్ధరాత్రి. 14 సాయంత్రమే ఇంటినుంచి బయల్దేరాలి. 15 రాత్రి తీరిగ్గా ఎయిర్‌పోర్టుకి వస్తే విమానం వెళ్లి ఒక రోజు అయిపోయి ఉంటుంది. ఊళ్లో అమ్మానాన్నలకి టికెట్ పంపేటప్పుడు తేదీ ఒక్కటే చెప్పకుండా "సోమవారం సాయంత్రం నాలుగింటికి ఇల్లు కదలాలి" అని వాట్సాప్‌లో రాయండి. చేరే వేళ పక్కన చిన్నగా ఉండే ప్లస్ ఒకటి అంటే మర్నాడు అని అర్థం. అక్కడ హోటల్ బుకింగ్ ఆ తేదీకి ఉండాలి, బయల్దేరిన తేదీకి కాదు.

ఒక ఫలానా విమానం నిజంగా ఎప్పుడు చేరుతోందో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి చోట దాని నంబరు కొట్టి గత వారం రోజుల లేచిన వేళలూ దిగిన వేళలూ చూడండి. ఏ లెక్కకంటేనూ అది నమ్మకమైంది.

ఎక్కడ ఆగిపోతుంది

చెన్నైలో గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 డిసెంబరు వరదలకి రన్‌వే మీదికే నీళ్లొచ్చి ఎయిర్‌పోర్టు కొన్ని రోజులు మూతబడింది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుపానుకీ, 2024 నవంబరు 30న ఫెంగల్‌కీ మళ్లీ మూశారు. ఈ నెలల్లో పెళ్లికో ఉద్యోగంలో చేరడానికో పోయేవాళ్లు ఒక రోజు ముందు టికెట్ తీసుకోవడం మంచిది. జనవరిలో ఇంకో సంగతి: భోగి. తెల్లవారుజామున ఊరంతా మంటలేస్తే ఆ పొగ మంచుతో కలిసి రన్‌వే కనపడదు. 2018 భోగినాడు పొద్దున విమానాలు కొన్ని ఆగాయి, కొన్ని వేరే ఊళ్లకి మళ్లాయి. భోగి ముందురోజు రాత్రి సింగపూర్ నుంచి బయల్దేరి భోగి తెల్లవారి దిగే టికెట్ వద్దు, సాయంత్రం దిగేది చూసుకోండి. బెంగళూరుకి డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము మంచుదే బెడద.

చాంగి దగ్గర ఆలస్యానికి కారణం సుమత్రా స్క్వాల్ అనే గాలివాన. ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య, తెల్లవారకముందు మొదలై పొద్దెక్కేదాకా, సుమత్రా వైపు నుంచి ఉరుములు మెరుపులతో ఒక వరసగా వచ్చి మీదపడి గంటా రెండు గంటల్లో పోతుంది. మన రాత్రి విమానాలు దిగేది సరిగ్గా ఆ వేళకే. అప్పుడు విమానాన్ని గాల్లోనే గుండ్రంగా తిప్పుతుంటారు. కంగారు పడాల్సిందేమీ లేదు. దారి ఖర్చుకి కావాల్సిన ఇంధనం కాక, అనుకోని ఖర్చుకి కొంత, చాంగిలో దిగలేకపోతే పక్క ఎయిర్‌పోర్టు దాకా పోవడానికి కొంత, అక్కడ కూడా అరగంట తిరగడానికి కొంత వేసుకునే బయల్దేరతారు. మరీ కుదరకపోతే జొహోర్‌లోని సెనాయ్, ఇండోనేషియా బాతమ్, లేదా కౌలాలంపూర్. అక్కడ దిగినా మామూలుగా ప్రయాణికుల్ని కిందికి దించరు, ఇంధనం నింపుకుని తిరిగొస్తారు. ఈ గొడవకి రెండు మూడు గంటలు పోతాయి కాబట్టి చాంగి నుంచి ముందుకి ఆస్ట్రేలియాకో జపాన్‌కో విడి టికెట్ కొన్నవాళ్లు పొద్దున తొమ్మిదింటి విమానం పెట్టుకోకూడదు.

ఇల్లు కదిలినప్పటి నుంచి

నెల్లూరు నుంచి మీనంబాక్కం 190 కిలోమీటర్ల చిల్లర. మాధవరం, పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి తాంబరం వైపు పోయి జి.ఎస్.టి. (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు పట్టుకోవాలి. ఊళ్లోంచి పోయి దగ్గర దారి అనుకుంటే సాయంత్రం కోయంబేడు, గిండీల దగ్గర గంట పోతుంది. రైల్లో వస్తే సెంట్రల్‌లో దిగి అక్కడే కింద మెట్రో ఎక్కితే బండి మారకుండా ఎయిర్‌పోర్టు లోపలికే, నలభై నిమిషాలు. పెద్ద పెట్టెలు ఎక్కువున్నా, పెద్దవాళ్లు వెంట ఉన్నా టాక్సీయే మేలు.

విమానానికి మూడు గంటల ముందు చేరాలన్నది అతి జాగ్రత్త కాదు. బ్యాగులు వేసే కౌంటర్ చాలా కంపెనీలకి గంట ముందు మూసేస్తారు, కొన్నింటికి ఇంకా ముందే. దాని తరవాత ఇమిగ్రేషన్, ఆపైన భద్రతా తనిఖీ. రాత్రి పదింటి నుంచి ఒంటిగంట మధ్య గల్ఫ్, సింగపూర్, మలేషియా విమానాలన్నీ ఒక్కసారే పోతాయి కాబట్టి ఆ వేళకి ఇమిగ్రేషన్ వరసే గంట పట్టొచ్చు. సింగపూర్‌లో దిగేవాళ్లు తమ వివరాలిచ్చే ఎస్‌జీ అరైవల్ కార్డు దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి, ముందే నింపుదామంటే కుదరదు. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా సింగపూర్ ప్రభుత్వానిది కాదు. అది వీసా కూడా కాదు, మనవాళ్లకి వీసా వేరేగా కావాలి.

రాత్రి 11.15 విమానానికి లెక్కేద్దాం. 8.15కి మీనంబాక్కంలో ఉండాలంటే నెల్లూరులో సాయంత్రం నాలుగు, నాలుగుంపావుకి కదలాలి. పొద్దున 6.05కి చాంగి, ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి ఏడు. రైలు రెండు, మూడో టెర్మినళ్ల కిందనుంచి ఉంటుంది. ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైను మారితే నేరుగా లిటిల్ ఇండియా. హోటల్‌కి చేరేసరికి అక్కడ ఎనిమిది, మనకి ఐదున్నర. మొత్తం పదమూడు గంటల పైన, అందులో గాలిలో ఉన్నది నాలుగు గంటల లోపే. హోటల్లో గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు, పెట్టెలు మాత్రం పెట్టుకోనిస్తారు.

తిరుగు ప్రయాణంలో 9.45కి దిగినా బయటపడేసరికి పదకొండు. మెట్రో చివరి బండి కూడా ఆ ప్రాంతంలోనే, దాన్ని నమ్ముకోవద్దు. సెంట్రల్‌కి టాక్సీ ముప్పావుగంట. రాత్రి ఒంటిగంటకి ముందు కదిలే రైలు ఏదీ బుక్ చేయకండి. తెల్లవారుజాము బండి దొరికితే అది తీసుకుని అప్పటిదాకా స్టేషన్ వెయిటింగ్ హాల్లో కాలు చాపుకోవడమే నయం.